బోర్లా పడుకుని గెలిచిన హీరోలు!

హీరో అంటే ఎలా వుండాలి? నిటారుగా నిలబడాలి, గుండె విరుచుకోవాలి! సముద్రపు అలలమీద ఆడే సర్ఫింగులోనూ ఇదే రూలు. 1966లో అమెరికా అంతటా విడుదలై పేరు తెచ్చుకున్న ‘ది ఎండ్‌లెస్ సమ్మర్’ చూడండి. పొడుగాటి పలకమీద నిలబడి దూసుకొచ్చే కుర్రాళ్లే అందులో హీరోలు. అదే పలకమీద బోర్లా పడుకుంటే? కమెడియన్ వేషం కూడా దక్కదు! మరి అలా పడుకునే కొందరు హీరోలైపోయారు. బాడీబోర్డింగ్ కథంటే అదే.

వంటింటి కత్తి – ఇస్త్రీపెట్టె

ఈ కథకి మూలపురుషుడు టామ్ మోరీ. చదివింది లెక్కలు, చేసింది విమానాల కంపెనీలో ఇంజనీరు వుద్యోగం, ప్రాణం పెట్టింది మాత్రం జాజ్ డ్రమ్స్‌కి, సముద్రానికి. 1971 జులై 7న హవాయి పెద్ద దీవిలోని కోనా తీరంలో ఆయన చేతికి తొమ్మిదడుగుల ఫోమ్ దిమ్మ ఒకటి తగిలింది. కరెంటు కత్తితో దాన్ని సగానికి కోశాడు. పైన న్యూస్‌పేపరు పరిచి ఇస్త్రీపెట్టెతో నున్నగా రుద్దాడు. దాన్ని పట్టుకుని తిన్నగా నీళ్లలోకి నడిచాడు. ఆయన తర్వాత గర్భిణిగా వున్న ఆయన భార్య కూడా సరదాపడి దానిమీద తేలివచ్చిందట!

బూగీ-వూగీ సంగీతమంటే పిచ్చి గనక దానికి ‘బూగీ’ అని పేరు పెట్టాడు. అన్నట్టు, పడుకుని అలలెక్కటం ఆయన కనిపెట్టిందేం కాదు. ‘పైపో’ అనే పొట్టి చెక్కపలకలమీద హవాయి జనం తరతరాలుగా చేస్తున్నదే. మోరీ తెచ్చిన కొత్తదనం మెత్తదనం! నెత్తిమీద పడినా బుర్ర పగలదు. చవక, తేలిక. ఇంకేం, 1977 నాటికి ఏడాదికి 80,000 పలకలు తయారయ్యాయి. 

అక్కడే వచ్చింది చిక్కు. పిల్లలకి నచ్చింది కాబట్టి అది పిల్లల బొమ్మేనని నిలబడే మొనగాళ్లు తేల్చేశారు. పడుకునేవాళ్లకి ‘స్పాంజి’లని ముద్దుపేరు పెట్టి, అలలదగ్గర చోటివ్వటానికే మొహం చిట్లించారు. కంపెనీని కొన్నేళ్లకే మోరీ అమ్మేశాడు. బొమ్మని ఆయుధం చేసే పని ఇక కుర్రకారు మీద పడింది.

పైప్‌లైన్‌లో పరీక్ష

ఓహూ దీవి ఉత్తర తీరంలో ‘పైప్‌లైన్’ అనే చోటుంది. అల గొట్టంలా చుట్టుకుని పడుతుంది. కిందేమో లోతులేని రాతి దిబ్బ. జాక్ లిండ్‌హోమ్ అనే యువకుడు అక్కడికి ఈ మెత్తటి పలక పట్టుకెళ్లాడు. ఒక మోకాలు పలకకి ఆనించి, రెండో పాదం ముందుకి మోపి, ఆ గొట్టంలో దూసుకొచ్చాడు! ‘ది రిప్పర్’ అన్న బిరుదు వూరికే రాలేదు. ఆ భంగిమని ఇప్పుడు డ్రాప్-నీ అంటారు.

మగవాళ్లేనా? ఫిల్లిస్ డామెరాన్ అనే వనిత తొలిరోజుల్లోనే వైమియా అఖాతపు పెద్ద అలలమీదికి ఈ పలకతో వెళ్లింది. వైమియా అంటే నిలబడే మొనగాళ్లకే కాళ్లు వణికే చోటు! డూప్ లేదు, రెండో టేకు లేదు. నన్నడిగితే ఈ కథకి అసలు హీరోయిన్ ఆవిడే.

1982లో పైప్‌లైన్‌లోనే అంతర్జాతీయ పోటీ పెట్టారు. డేనియల్ కైమీ గెలిచాడు. ఆ మరుసటేడు గెలిచినవాడు మైక్ స్టూవర్ట్. ఆ తర్వాత వదిలితేగా! మొత్తం తొమ్మిదిసార్లు ప్రపంచ చాంపియన్! పడుకోవటంలో బలమేమిటో లోకానికి చూపించింది ఆయనే. లేచి నిలబడే పని లేదు గనక, నిట్టనిలువుగా విరిగే అలనైనా ఆఖరి క్షణంలో అందుకోవచ్చు. కాళ్లకి తొడిగిన రబ్బరు రెక్కలు వేగమిస్తాయి, ఒంటి బరువు వొంచితే పలక అంచు నీటిని కోస్తుంది.

ఇంకో ముచ్చట. తాహితీ దీవిలో తెహూపో అనే అల వుంది. 2000లో లెయిర్డ్ హామిల్టన్ దానిమీద నిలబడి వచ్చిన ఫోటో ప్రపంచమంతా చుట్టింది. కానీ స్టూవర్ట్, ఆయన పోటీదారు బెన్ సెవర్సన్ ఆ అలమీదికి 1986లోనే వెళ్లొచ్చారు. పద్నాలుగేళ్ల ముందు! పోస్టరు మీద పేర్లు మాత్రం వాళ్లవి కావు. నా బాధల్లా అదే.

మోరీ చివర్లో పేరు కూడా మార్చుకున్నాడు. వొట్టి ‘వై’ అని! మన తారల పేరుమార్పులు దీనిముందు ఏపాటి? 2021 అక్టోబరు 14న, 86వ యేట కన్నుమూశాడు. 

ఇంట్రడక్షన్ సీన్లోనే బోర్లా పడుకుని వచ్చే హీరోని మన దర్శకులెవరైనా చూపిస్తారా? చూపిస్తే మార్నింగ్ షో మొదటి టిక్కెట్టు నాదే!