ఫార్మాట్ కొట్టకముందు

జనగామలో మీసేవ కేంద్రం కావచ్చు, మహబూబాబాద్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియో కావచ్చు, భూపాలపల్లిలో ఫ్లెక్సీలు కొట్టే షాపు కావచ్చు. పాత డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే ఇప్పుడు అందరూ చేసే పని ఒక్కటే, ఎస్‌ఎస్‌డీ వేయించడం. పదేళ్ల నాటి సిస్టమ్ కూడా దాంతో లేచి కూర్చుంటుంది. కొన్నాళ్లకు డ్రైవ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందని చెబుతుంది. నొక్కుతారు, రీస్టార్ట్ అవుతుంది, తర్వాత నల్లటి తెర మీద ‘నో బూటబుల్ డివైస్’. రిపేరు షాపుకు తీసుకెళ్తే తరచూ వినిపించే మొదటి మాట: ‘విండోస్ పోయిందన్నా, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేద్దాం.’ ఈ వ్యాసం ఆ మాటకు అడ్డుపడడానికే.

ఎస్‌ఎస్‌డీలో హార్డ్‌డిస్క్‌లోలా తిరిగే పళ్లెం ఉండదు. సమాచారం దాచే నాండ్ ఫ్లాష్ చిప్పులు, వాటిని నడిపే కంట్రోలర్ చిప్పు, అంతే. తోషిబాలో ఫుజియో మసువోకా బృందం 1987లో ప్రకటించిన ఈ నాండ్‌కు పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది: రాసిన చోట నేరుగా మళ్లీ రాయలేం, ముందు చెరపాలి. చెరిపేది పేజీలవారీగా కాదు, వందల పేజీలున్న బ్లాకును మొత్తంగా. చెరిపిన ప్రతిసారీ బ్లాకు కాస్త అరుగుతుంది. అందుకే మీరు ఫైలు సవరించి సేవ్ చేస్తే కంట్రోలర్ దాన్ని పాత చోట కాకుండా ఇంకో ఖాళీ చోట రాసి, ఎక్కడ రాసిందో తన పట్టికలో ఎక్కించుకుంటుంది. ఏ ముక్క ఏ చిప్పులో ఏ మూల ఉందో విండోస్‌కు తెలియదు, ఆ పట్టికకే తెలుసు. పొలం ఎక్కడికీ పోదు కానీ పహాణీ గల్లంతైతే ఏ మడి ఎవరిదో తేల్చలేం కదా, పట్టిక పోయిన ఎస్‌ఎస్‌డీదీ అదే గతి. భూరికార్డుల పోర్టల్ ధరణి కాలం చూసినవాళ్లకు దీన్ని ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

ఆ పట్టికను చదివి, రాసి, సరిచూసే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. చాలా డ్రైవ్‌లలో అది కూడా నాండ్ చిప్పుల్లోనే, మనకు కనిపించని ఒక మూలన ఉంటుంది. కరెంటు రాగానే కంట్రోలర్‌లో చెరగకుండా ముద్రించి ఉన్న చిన్న కోడ్ ముందు మేలుకుంటుంది. అది అసలు ఫర్మ్‌వేర్‌ను వెతికి లోడ్ చేస్తుంది, ఫర్మ్‌వేర్ పట్టికను తెరుస్తుంది, అప్పుడుగానీ డ్రైవ్ తన అసలు పేరు, సైజు బయటికి చెప్పదు. అప్‌డేట్ సమయంలో తేడా వచ్చేది ఈ వరసలోనే. రాస్తుండగా కరెంటు పోయి ఫర్మ్‌వేర్ సగంలో ఆగి ఉండవచ్చు. 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం చెల్పూరులోనే ఉన్నా, పక్కనున్న భూపాలపల్లి షాపుకు యూపీఎస్ అక్కర్లేకుండా పోలేదు. లేదా వేరే మోడల్‌కు చెందిన ఫైలు ఎక్కించి ఉండవచ్చు. చవక డ్రైవ్‌లలో ఒకే లేబుల్ కింద వేర్వేరు కంట్రోలర్లు వస్తుంటాయి, కాబట్టి పేరు కలిసిందని ఫైలు సరిపోతుందన్న నమ్మకం లేదు. కొన్నిసార్లు తప్పు కొత్త ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. 2009 అక్టోబర్‌లో ఇంటెల్ తన ఎక్స్25-ఎమ్ డ్రైవ్‌లకు ట్రిమ్ అనే సదుపాయం ఇస్తూ విడుదల చేసిన అప్‌డేట్, 64 బిట్ విండోస్ 7 ఉన్న కొన్ని సిస్టమ్‌లలో డ్రైవ్‌లను పనికిరాకుండా చేసింది. ఇంటెల్ దాన్ని వెంటనే వెనక్కి తీసుకుంది.

ఇక బూట్ కాని సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడు, మొదట పూర్తిగా ఆఫ్ చేయాలి. రీస్టార్ట్ లెక్కలోకి రాదు. డెస్క్‌టాప్ అయితే ప్లగ్ పీకాలి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకోవాలి. తర్వాత ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లి, ఇరవై నిమిషాలు అలాగే వదిలేయాలి. డ్రైవ్‌కు కరెంటు అందుతుంది, దాన్ని ఎవరూ చదవమని, రాయమని అడగరు. చిందరవందరైన పట్టికను కొన్ని డ్రైవ్‌లు ఆ తీరికలో తమంతట తామే సర్దుకుంటాయి. ఇది చిట్కా వైద్యం కాదు. క్రూషియల్ కంపెనీయే తన డ్రైవ్‌లకు ఇలాంటి పద్ధతి చెప్పింది: ఇరవై నిమిషాలు కరెంటు, అరనిమిషం విరామం, మళ్లీ ఇరవై నిమిషాలు.

అప్పుడు బయోస్‌లో డ్రైవ్ ఏ పేరుతో, ఎంత సైజుతో కనిపిస్తోందో చూడాలి. మిగతా నిర్ణయాలన్నీ ఈ రెండింటి మీదే.

పేరు, సైజు సరిగ్గా ఉంటే డ్రైవ్ బతికే ఉంది, గొడవ బూట్ దగ్గర. ల్యాప్‌టాప్ కంపెనీల అప్‌డేట్ సాఫ్ట్‌వేర్ ఒకే రీస్టార్ట్‌లో ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్‌తో పాటు బయోస్‌నూ మార్చేయగలదు. బయోస్ మారితే సెట్టింగులు మొదటికి వచ్చే ప్రమాదముంది. ఏహెచ్‌సీఐలో ఉన్న స్టోరేజ్ మోడ్ రెయిడ్‌కో వీఎండీకో మారితే విండోస్ ‘ఇనాక్సెసబుల్ బూట్ డివైస్’ అని నీలం తెర చూపిస్తుంది. మోడ్ పాతదానికి తిప్పితే చాలు, డ్రైవ్‌ను ముట్టుకోనక్కర్లేదు. బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్ మాయమైతే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్‌లోకి వెళ్లి బీసీడీబూట్ కమాండ్‌తో తిరిగి రాయించవచ్చు.

కొన్నిసార్లు తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. ఇదీ డ్రైవ్ పాడవడం కాదు. డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం వేసిన విండోస్, బయోస్ మారిందని పసిగట్టి అనుమానిస్తోందన్నమాట. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేస్తే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన సిస్టమ్‌లలో ఈ తాళం దానంతటదే పడుతుంది. కీ ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది. చిక్కల్లా ఆ అకౌంట్ ఎవరిదన్నది. సిస్టమ్ కొన్న రోజున షాపు కుర్రాడు అప్పటికప్పుడు ఏదో మెయిల్ సృష్టించి లాగిన్ చేసి ఇచ్చి ఉంటే, ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు అతనికీ గుర్తుండదు. ఫర్మ్‌వేర్ కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

డ్రైవ్ అసలు పేరు పోయి వింత పేరు కనిపిస్తోందా? 240 జీబీ డ్రైవ్ రెండు ఎంబీ అనో సున్నా అనో చెబుతోందా? అప్పుడు అసలు ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, చెరగని చిన్న కోడ్ ఒక్కటే మాట్లాడుతోంది. చవక శాటా డ్రైవ్‌లలో విస్తారంగా వాడిన ఫైసన్ ఎస్11 కంట్రోలర్ ఇలాంటప్పుడు కంపెనీ పేరు మరిచి ‘శాటాఫర్మ్ ఎస్11’ అని చెప్పుకుంటుంది. రిపేరు చేసేవాళ్లకు ఈ పేరు బాగా పరిచయం. వీడియోల్లో చూపించే మందు, ఫ్యాక్టరీ టూల్‌తో ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించడం. డ్రైవ్ లేస్తుంది, నిజమే. కానీ పట్టిక కొత్తది, ఖాళీది. పాత ఫైళ్లు పోయినట్టే. అందుకే ముందు ఓనర్‌ను అడగాలి: కావలసింది డ్రైవా, లోపలి ఫైళ్లా? చవక డ్రైవ్‌ను బతికించబోయి ఒక ఇంటి పెళ్లి ఫొటోలు పోగొట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఫైళ్లే కావాలంటే అక్కడితో ఆపి డేటా రికవరీ ల్యాబ్‌కు పంపాలి. సికింద్రాబాద్ దాకా పోతే చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో ఎవరో ఒకరు చూస్తామంటారు. పీసీ-3000 లాంటి పరికరం ఉందా అని అడిగి మరీ ఇవ్వాలి. అది కంట్రోలర్ ర్యామ్‌లోకి తాత్కాలికంగా ఒక ఫర్మ్‌వేర్ ఎక్కించి, చిప్పుల్లో మిగిలిన ఆనవాళ్లతో పట్టికను తిరిగి కట్టడానికి ప్రయత్నిస్తుంది. చిప్పులు ఊడదీసి చదువుతామంటే తొందరపడి ఒప్పుకోవద్దు. చాలా కంట్రోలర్లు సమాచారాన్ని సంకేతలిపిలోకి మార్చాకే నాండ్‌లో రాస్తాయి, ఆ తాళంచెవి కంట్రోలర్ దగ్గరే ఉంటుంది.

మరి ఫార్మాట్ కొడితే ఏమవుతుంది? హార్డ్‌డిస్క్ మీద చేయి తిరిగిన మెకానిక్‌కు ఒక ధీమా: క్విక్ ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగమైనా లాగొచ్చు. హార్డ్‌డిస్క్‌లో అది చెల్లుతుంది. ఎస్‌ఎస్‌డీని విండోస్ ఫార్మాట్ చేస్తే ‘ఈ చోటంతా ఇక అక్కర్లేదు’ అని డ్రైవ్‌కు ట్రిమ్ ఆదేశం వెళ్తుంది. కంట్రోలర్ ఆ బ్లాకులను తీరిగ్గా చెరిపేస్తుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో వెతికినా సున్నాలే. ‘ఇనిషియలైజ్ డిస్క్’ అని విండోస్ అడిగినా క్యాన్సిలే నొక్కాలి. డ్రైవ్‌లో ఏముందో చూడాలంటే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ మేలు, మనం చెప్పనిదే అది ఏమీ రాయదు.

ఇంత చదివాక అప్‌డేట్ జోలికే పోవద్దనిపించవచ్చు. అదీ తప్పే. క్రూషియల్ ఎమ్4 డ్రైవ్‌లు మొత్తం 5,184 గంటలు నడిచాక గంటకోసారి కుప్పకూలేవి. 2012 జనవరిలో వచ్చిన ఫర్మ్‌వేరే దాన్ని బాగుచేసింది. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ ఇంతకంటే దారుణమైన సంగతి బయటపెట్టింది: తన సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు నిండగానే సమాచారంతో సహా శాశ్వతంగా చచ్చిపోతాయని. రెండును పదిహేను సార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. గంటల లెక్క అక్కడికి చేరగానే ఫర్మ్‌వేర్ తడబడేది. ఒకే రోజు బిగించిన డ్రైవ్‌లు ఒకేసారి పోతాయి కాబట్టి, ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందనే ఏర్పాటు కూడా పనిచేయదు. అప్‌డేట్ చేసినవాళ్లే బయటపడ్డారు.

చేసేటప్పుడు మాత్రం ముందు ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లోకి తీసుకోండి, బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసుకోండి, యూపీఎస్ ఉంటేనే మొదలుపెట్టండి. లేబుల్ మీది మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కంపెనీ సైట్‌తో సరిచూసుకోండి. అంతా చేసినా డ్రైవ్ పోతే వారంటీ ఉందో చూసుకోవడమే. కంపెనీ వేరే డ్రైవ్ ఇస్తుంది, మీ పాతది తిరిగి ఇవ్వదు. అందులోని ఫైళ్లు కావాలంటే వారంటీకి పంపకముందే ల్యాబ్‌లో తేల్చుకోవాలి.