ఇంటర్వెల్ తర్వాతే అసలు కథ!

సినిమా హాల్లో వరసకు చివరి సీటే కావాలని పట్టుబట్టేవాళ్లను ఎప్పుడైనా చూశారా? తెరమీద హీరో ఎంట్రీ అదిరిపోతుంటే, 'ఎగ్జిట్' అని వెలిగే ఎర్రలైటు వంక చూసే ప్రేక్షకురాలిని చూశారా? చూడకపోతే ఇప్పుడు పరిచయం చేసుకోండి. ఆ ప్రేక్షకురాలిని నేనే!

దిల్‌సుఖ్‌నగర్ అనగానే పాతవాళ్లకు కోణార్క్, వెంకటాద్రి థియేటర్లు గుర్తొస్తాయి. నాలాంటివాళ్లకు కోచింగ్ సెంటర్లూ, లేడీస్ హాస్టళ్లూ గుర్తొస్తాయి. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. గ్రూప్స్‌కు చదువుకోడానికి వచ్చి, ఇక్కడే హాస్టల్లో ముగ్గురితో ఒక గది పంచుకుంటున్నాను. చదువు బాగానే సాగుతోంది. సాగనిదల్లా కడుపే! తిన్న కాసేపటికే ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, ఆపైన పరుగో పరుగు! గ్రూప్-2 పేపరు రెండున్నర గంటలు. అంటే అచ్చంగా ఒక తెలుగు సినిమా అంత. సినిమాలో సగంలో లేచిపోతే పోయేది టికెట్టు డబ్బులు. పరీక్షలో లేచిపోతే పోయేది ఏడాది కష్టం, నాన్న పంపిన డబ్బు. మాక్ టెస్టుల్లో అప్పటికే రెండుసార్లు లేవాల్సి వచ్చింది.

"పరీక్ష భయం" అన్నారు స్నేహితురాళ్లు. "దిష్టి తగిలింది" అంది అమ్మ. ఎల్బీనగర్‌లో ఉండే మా అక్క మాత్రం "భయమో దిష్టో డాక్టరే చెప్తడు, నడువ్" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

డాక్టరుగారు ముందు రక్తపరీక్ష రాశారు. గోధుమలోని గ్లూటెన్‌తో పేగులు దెబ్బతినే సీలియాక్ అనే జబ్బు ఉందేమో చూడడానికట. "పరీక్ష అయ్యేదాకా చపాతీ మానకమ్మా. మానేస్తే జబ్బున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు" అన్నారు. ఆ జబ్బు లేదని తేలింది. రక్తం పడడం, జ్వరం, ఊరికే బరువు తగ్గడం లాంటి ప్రమాద సూచనలూ లేవు. అప్పుడు డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పిన కథ వినండి. అచ్చు డిటెక్టివ్ సినిమాయే!

అనుమానం ఉన్న తిండ్లన్నీ కొన్ని వారాలు మానెయ్యాలి. కడుపు కుదుటపడితే ఒక్కొక్కదాన్నే మళ్లీ పిలిచి విచారించాలి. మనకు పథ్యం కొత్తేం కాదుగానీ, ఇక్కడ పథ్యం మందు కాదు, దర్యాప్తు! అమెరికాలో ఆల్బర్ట్ రో అనే డాక్టరు ఈ పద్ధతి మీద 1941లోనే ఒక పుస్తకం రాశాడు. కడుపులో సరిగా ఇంకకుండా పేగుల్లో పులిసి గ్యాసు పుట్టించే కొన్ని రకాల చక్కెరలకు 2005లో మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 'ఫాడ్‌మాప్' అని పేరు పెట్టారు. నాకు రాసిచ్చిన చీటీ ఆ లెక్క ప్రకారమే.

ఎవరా అనుమానితులు? హైదరాబాదు ఉల్లి సమోసా, ఇరానీ చాయ్ తలచుకోండి. సమోసా పైపొర మైదా, లోపల ఉల్లిపాయ, పక్కన గ్లాసులో పాలు. ముగ్గురూ ఒకే ఫ్రేములో ఉన్నారు! వీళ్లకు తోడు వెల్లుల్లి, పప్పులు, మామిడిపండు. దోషి ఒక్కడా, ముఠాయా? అందర్నీ బయటికి పంపితేగానీ తెలియదు.

హాస్టల్ మెస్సులో ఇది కుదిరే పని కాదు. ఉల్లిపాయ లేని కూర వాళ్ల మెనూలోనే లేదు. అందుకని రోజూ ఎల్బీనగర్ అక్క ఇంటికే ప్రయాణం. మెట్రోలో మధ్యన చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగరే. 2018లో ఈ దారిలో మెట్రో వచ్చింది కాబట్టి సరిపోయింది. అన్నం, ఆలుగడ్డ వేపుడు, క్యారెట్ కూర, కోడిగుడ్డు, కోడికూర... ఇవీ నా తిండి. ఉల్లి, వెల్లుల్లి లేని కోడికూర ఎట్లుంటుందో మీ ఊహకే వదిలేస్తున్నాను!

దానికీ డైటీషియన్ ఒక చిట్కా చెప్పారు. వెల్లుల్లిలో కడుపును ఇబ్బంది పెట్టే చక్కెర నీళ్లలో కరుగుతుందిగానీ నూనెలో కరగదు. కాబట్టి రెబ్బలను నూనెలో వేయించి తీసి పారేస్తే, వాసన నూనెలో ఉంటుంది, బాధ రెబ్బతో పోతుంది. పోపు బతికింది! ఇంకో సంగతి తెలుసా? డబ్బాలో దొరికే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. ఇన్నాళ్లూ మన చారులో గోధుమ దాక్కుని ఉందని నాకేం తెలుసు! అక్క డబ్బా వెనక అక్షరాలు చదివి మరీ ఇంగువను పక్కన పెట్టింది.

వంటకంటే కష్టమైంది మనుషులతో. ఒక స్నేహితురాలి పుట్టినరోజున కేకు ముక్క నోటిదాకా తెచ్చి, నేను తల తిప్పుకుంటే దాని మొహం చిన్నబోయింది. అమ్మయితే ఫోన్‌లోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "పెరుగు లేకుంటే అన్నం తిన్నట్టెట్లయితది బిడ్డా?" తల్లికి ఏ డైటీషియన్ జవాబు చెప్పగలదు?

మూడువారాలకు కడుపు గప్‌చుప్! మాక్ టెస్టులో రెండున్నర గంటలు కదలకుండా కూర్చున్నాను. 'ఇంకేం, జీవితాంతం ఇట్లానే తింటే పోలా' అనిపించింది. అదిగో, చాలామంది అక్కడే శుభం కార్డు వేసుకుంటారట! "అది ఇంటర్వెల్ మాత్రమేనమ్మా. మానడం సగం కథ, మళ్లీ తినడం మిగతా సగం" అన్నారు డైటీషియన్. ఊరికే అన్నీ మానేస్తే కాల్షియం, పీచు, మాంసకృత్తులు తక్కువ పడతాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూత్రాల్లో మొట్టమొదటిదే రకరకాల తిండి తినమని!

విచారణ మొదలైంది. ఒక్కో తిండికీ మూడురోజులు. మొదటిరోజు కొంచెం, రెండోరోజు ఇంకొంచెం, మూడోరోజు మామూలుగా. మధ్యలో విరామం. తిన్నదీ, టైమూ, కడుపు చెప్పిన మాటా నోటుబుక్కులో రాయాలి.

మొదటి సాక్షి పెరుగు. నిర్దోషి! పాలలోని లాక్టోజ్‌ను తోడులోని సూక్ష్మజీవులు కొంత ముందే తినేస్తాయి కాబట్టి, పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుందట. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పాను, "పెరుగన్నం తిన్ననే అమ్మా." అవతల కాసేపు మాట లేదు. గోధుమ కూడా నిర్దోషే. మూడు చపాతీలు తిన్నా కడుపు పలకలేదు. పాలు అరగ్లాసుదాకా సరే, పెద్దగ్లాసు తాగితే మాత్రం పాత గొడవే. ఉల్లిపాయ పోపులో నాలుగు ముక్కలైతే ఫర్వాలేదు, సమోసాలో కూరినంతైతే పరుగే!

అంటే విలన్ ఫలానా తిండి అని కాదు, మోతాదు! నైటవుట్ చదువులకు అయిదారు చాయ్‌లు, వాటితో సమోసాలు... అదీ ముఠా గుట్టు. ఇప్పుడు నా జాబితాలో నిషేధాలు లేవు, హద్దులున్నాయి.

మీలో ఎవరికైనా ఇట్లాంటి బాధ ఉంటే, సొంత తెలివితో అన్నీ మానెయ్యకండి. ఒక చుక్క రక్తంతో పడని తిండ్ల జాబితా ఇస్తామనే ఐజీజీ పరీక్షలను అలెర్జీ నిపుణుల సంఘాలు ఒప్పుకోవు. ఏదైనా తినగానే పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా అది వేరే సంగతి. అది అలెర్జీ, ప్రాణాంతకం కావచ్చు. దాన్ని ఇంట్లో తిని పరీక్షించకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగతావాళ్లు డాక్టరును అడిగి, నోటుబుక్కు కొనుక్కుని మొదలుపెట్టండి. మొదలుపెట్టినవాళ్లు మాత్రం దయచేసి సెకండాఫ్ చూడకుండా లేవకండి!