ఊక బూడిదకీ ఓ రోజు

మా కాట్రేనికోన వైపు ఇల్లు కట్టుకున్నవాళ్ళకి ఒక దిగులు తప్పదు. శ్లాబు వేసిన కొన్నేళ్ళకే అడుగున పెచ్చులు ఊడి, చువ్వలు తుప్పుతో బయటపడతాయి. ఉప్పుగాలి, ఉప్పునీరు, చుట్టూ రొయ్యల చెరువులు! "ఇనుముకి ఈ గాలి పడదండీ" అంటాడు మా తాపీ మేస్త్రి. అలాగని 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళం, మళ్ళీ తాటాకింటికి పోలేం కదా!

దీనికి మందు మన రైసుమిల్లుల వెనకాలే కుప్పపడి ఉంది. అదే ఊక బూడిద. పనికిరాని మాటలని మనం 'ఊకదంపుడు' అంటాం. ఊక దంచితే గింజ రాని మాట నిజమే. కానీ పద్ధతిగా కాల్చి పొడి చేస్తే సిమెంటులో సాయానికొస్తుంది.

లెక్క చూడండి. 75 కిలోల ధాన్యం బస్తాలో ఊక సుమారు 15 కిలోలు. అది కాలితే మిగిలే బూడిద 3 కిలోలు. అందులో ఎక్కువ భాగం సిలికాయే. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది. సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని కొత్త బంకగా మారి, కాంక్రీటులోని సన్నటి రంధ్రాలని పూడుస్తుంది. ఉప్పు చువ్వదాకా చేరడం కష్టమవుతుంది.

ఇంకో లాభమూ ఉంది. సిమెంటు కోసం సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. ఇంధనం పొగ సరే, ఆ రాయిలోంచే బోలెడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్రపంచమంతా వదిలే ఆ వాయువులో 7, 8 శాతం సిమెంటుదే. అందులో కొంత భాగాన్ని బూడిదతో భర్తీ చేస్తే అంతమేరకు పొగ తగ్గినట్టే. సముద్రం ఒడ్డున ఉన్న మనకి అది చిన్న విషయం కాదు.

అయితే మిల్లు బూడిద తెచ్చి మాలులో కలిపేయకండి! బాయిలర్లో సరిగా కాలని నల్ల బూడిదలో బొగ్గు ఉంటుంది. వేడి మరీ ఎక్కువైతే సిలికా గట్టిపడి మొండికేస్తుంది. 600, 700 డిగ్రీల మధ్య కాల్చి మెత్తగా పొడి చేయాలి. నాణ్యత నిలకడగా ఉంటే వాడుకోవచ్చని భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కూడా ఒప్పుకుంది. మన మిల్లుల దగ్గర లోటల్లా అలాంటి కొలిమి, మర, పరీక్ష.

అందాకా ఇదే గుణమున్న సరుకు కొట్లో దొరుకుతోంది. పీపీసీ బస్తాలో థర్మల్ కేంద్రాల బూడిద 15 నుంచి 35 శాతం ఉంటుంది. స్లాగ్ సిమెంటులో ఉక్కు కొలిమి చిట్టెం 25 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. రెండూ నెమ్మదిగా బలపడే రకాలు. కాబట్టి ఏడు రోజులకే తడపడం మానేయకండి, రెండు వారాలు మంచినీళ్ళతోనే తడపండి. చెరువు ఉప్పునీరు పోశారో, ఏ సిమెంటూ మిమ్మల్ని కాపాడలేదు.