పిల్లల మోకాలి విరుగుడు - చిన్న గాటుతో చికిత్స

తిరువూరు ప్రాంతములోని వినగడప వంటి ఊళ్లలో మోకాలికి దెబ్బ తగలని పిల్లవాడు అరుదు. మామిడిచెట్టు దిగుతూ జారినా, సైకిలు మీదినుండి పడినా, కబడ్డీలో కాలు మెలిపడినా మొదట దెబ్బ తినేది మోకాలే. చాలా దెబ్బలు నాలుగు రోజులలో మానిపోతాయి. కాని కొద్ది గంటలలోనే మోకాలు బాగా వాచి, పిల్లవాడు కాలు మోపలేక, చాపలేక ఉంటే అది వేరు సంగతి. కీలులోపల రక్తము చేరి ఉండవచ్చును. అందుకు గల కారణాలలో ఒకదానిని చూద్దాము.

మోకాలిలో తొడ ఎముకను, దాని క్రిందనున్న టిబియా ఎముకను కలుపుతూ రెండు బంధనములు గుణకారపు గుర్తువలె అడ్డముగా పోతాయి. వానిలో ముందుది టిబియా తలపైనున్న చిన్న మెట్టకు అంటుకొని ఉంటుంది. కాలు హఠాత్తుగా మెలిపడితే పెద్దలలో సాధారణముగా ఈ బంధనమే తెగుతుంది. ఎనిమిది మొదలు పదునాలుగేండ్ల పిల్లలలోనో, ఆ మెట్ట ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. బెదిరిన ఎద్దు గుంజితే పలుపు తెగక గుంజయే పెల్లగిలి వచ్చినట్లు, ఎముక ముక్కయే ఊడివస్తుంది.

1959లో మేయర్స్, మెకీవర్ అను వైద్యులు ఈ విరుగుళ్లను మూడు తరగతులు చేశారు. ముక్క దాదాపు కదలనిది మొదటిది. దానికి పిండికట్టు చాలును. పూర్తిగా విడిపోయినది మూడవది. దానికి సాధారణముగా శస్త్రచికిత్స కావలెను. ముందువైపు మాత్రమే లేచిన రెండవ తరగతితోనే చిక్కు. కాలు చాపినప్పుడు ముక్క తన చోటికి వస్తే సరే. ఒక్కొక్కప్పుడు మోకాలిలోని మృదులాస్థి బిళ్ల అంచు దాని క్రింద ఇరుకుకొని రానివ్వదు. బయటినుండి ఎంత నేర్పుతో కట్టినా ఆ ఇరుకు వదలదు. ముక్క అట్లే అతుక్కుంటే కాలు పూర్తిగా చాపుటకు అడ్డుపడవచ్చును. ఎక్స్‌రే తీయించక నాటుకట్టుతో సరిపెట్టుకొనుటలోని ప్రమాదము ఇదే.

పూర్వము దీనికై కీలును కోసి తెరిచేవారు. ఇప్పుడు ఆర్థ్రోస్కోపు, అనగా కీలుదర్శిని, ఉన్నది. దీని కథ మనకు దగ్గరగా ఉంటుంది. క్షయవలన మోకాళ్లు బిగిసి, జపానువారి అలవాటు ప్రకారము నేలపై కూర్చొనలేని రోగుల బాధ చూచి, టోక్యో వైద్యుడు కెంజి తకాగి 1918లో మూత్రాశయమును చూచే గొట్టముతో ఒక శవము మోకాలిలోనికి తొంగిచూచాడు. నేలపై బాసిపట్లు వేసుకొనే మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు గదా! ఆయన దారిలో నడచిన మసాకీ వతనబె దానిని పనికివచ్చే సాధనముగా తీర్చిదిద్దాడు.

నేటి కీలుదర్శిని సుమారు 4 మిల్లీమీటర్ల మందము. సెంటీమీటరుకు మించని రెండు మూడు గాట్లు పెట్టి, కీలును ఉప్పునీటితో నింపి, తెరపై బొమ్మ చూస్తూ వైద్యుడు పని చేస్తాడు. గడ్డకట్టిన రక్తమును కడిగి, ఇరుకుకొన్న బిళ్లను తప్పించి, ముక్కను చోట కూర్చి, గట్టి దారముతోగాని చిన్న మరమేకుతోగాని బిగిస్తాడు. మరమేకు విషయములో పిల్లలకు ఒక జాగ్రత్త అవసరము. మోకాలికి పైన, క్రింద ఎముకలు పెరిగే పలకలున్నవి. తొడ ఎముక పొడుగులో సుమారు 70 శాతము మోకాలి వైపునుండే వస్తుంది. మరమేకు టిబియా పలకను దాటితే ఆ కాలి పెరుగుదల దెబ్బతినవచ్చును.

గాటు చిన్నదైనా కీలు బిగిసిపోయే భయము ఉన్నది. అందుచేత వైద్యుడు చెప్పినప్పటినుండి మోకాలిని వంచే వ్యాయామము చేయించవలెను. ఆటలకు తిరిగి దిగుటకు కొన్ని నెలలు పడుతుంది. ఆ సంగతి బడిలోని వ్యాయామోపాధ్యాయునికి ముందే తెలియజేయుట మంచిది.