విహారశబ్దము – ధర్మయాత్ర

విహారశబ్దము, వియను నుపసర్గము ముందుండఁగా హృఞ్ ధాతువుపై ఘఞ్ ప్రత్యయము చేరి యేర్పడినది. తెలుఁగున దీనికి వినోదార్థమైన సంచారమని రూఢి. మగధమందలి బౌద్ధక్షేత్రములఁ జూడఁబోవువారు తమ పయనమును విహారయాత్ర యనుట యీ రూఢిచేతనే. ఆ దేశమున నీ శబ్దము నడచిన త్రోవ వేఱు.

పాలిభాషయందు ‘విహరతి’ యను క్రియ నివసించుట యను నర్థమున మిక్కిలి ప్రయుక్తము. తొలుత భిక్షువులు దేశసంచారులు. వర్షాకాలమునమాత్ర మొకచోట నిలుచుట వారికి నియమము. అట్టి నిలుకడకైన వసతికి విహారమని పేరు గలిగెను. సంస్కృతనిఘంటువులందును సుగతాలయ మనునర్థము కలదు. క్రమముగా విహారములు విద్యాస్థానము లయ్యెను. 5వ శతాబ్దియందుఁ గుమారగుప్తునికాలమున వెలసిన నాలందాయందు 7వ శతాబ్దిలోఁ జీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు చదువుకొనెను. దానికి సమీపముననే యోదంతపురీవిహార ముండెడిది. ఆ చోటి పట్టణమే నేఁటి బిహార్ షరీఫు. తురుష్కులు పట్టుకొన్న కోట నిజమునకు విద్యాలయమనియు, హిందువీభాషలో విద్యాలయమును బిహారందురనియు 13వ శతాబ్దిచరిత్రకారుఁడు మిన్హాజుద్దీను పారసీకమున వ్రాసెను. ప్రాచ్యుల నోట వకారము బకారమయి, పట్టణము పేరు రాష్ట్రమంతటికిని వ్యాపించెను.

ఇఁక వినోదార్థమును మగధమునకుఁ గ్రొత్తది కాదు. విహారయాత్ర యను పదము అశోకుని యష్టమశిలాశాసనమునందే కలదు. పూర్వరాజులు వేఁట మున్నగు వేడుకలకై విహారయాత్రలు వెడలుచుండి రనియు, తాను దశవర్షాభిషిక్తుఁడై సంబోధికిఁ బోయె ననియు, నాఁటినుండి ధర్మయాత్ర ప్రవర్తిల్లె ననియు నందలి తాత్పర్యము. సంబోధి యనఁగా బుద్ధగయ యని పలువురు విద్వాంసుల మతము. ఈ శాసనపాఠము కర్నూలుమండలమందలి యెఱ్ఱగుడి శిలలపైఁ గూడఁ గలదు.

ధర్మయాత్రకు శాసనము చెప్పు లక్షణము గమనింపఁదగినది. బ్రాహ్మణశ్రమణుల దర్శించి దానమిచ్చుట, వృద్ధులఁ గాంచి సువర్ణము పంచుట, జానపదులఁ గలిసికొని ధర్మము బోధించుట, ధర్మవిషయమునఁ బ్రశ్నోత్తరములు సల్పుట. ఇందుఁ గట్టడముల ప్రశంస లేదు, మనుష్యదర్శనమే కలదు.

నేఁడు బుద్ధగయయందలి మహాబోధిమందిరము 2002లోను, నాలందాశిథిలములు 2016లోను ప్రపంచవారసత్వపట్టికకెక్కినవి. వీనితోపాటు రాజగృహమందలి గృధ్రకూటమును ఒక్క పయనముననే చూడవచ్చును. ఇన్నియుఁ జూచియు నచ్చటి భిక్షువుతోఁ గాని పల్లెవానితోఁ గాని మాటాడక మఱలినవాని పయనము అశోకుఁడు విడిచిన విహారయాత్రయే కాని యాతఁ డారంభించిన ధర్మయాత్ర కాదు. బాలురకు విహారశబ్దము బోధించునపుడు పండితులు సంచారార్థముతో నిలువక, నివాసార్థమును, బిహారు పేరును, ఎఱ్ఱగుడి శాసనమును దెలుపుదురు గాక.