హెస్టర్ ప్రిన్ ధైర్యము

యుద్ధభూమిలో నిలిచినవారి ధైర్యమును గూర్చి మన పిల్లలు చాల కథలు చదివియున్నారు. నలుగురు వేలు చూపి నవ్వుచుండగా నిలిచినవారి కథలు అరుదు. అట్టి నవల యొకటి కలదు. అమెరికా రచయిత నథానియల్ హాథార్న్ 1850లో వెలువరించిన ‘ది స్కార్లెట్ లెటర్’ అది. పై తరగతులవారు దీనిని తప్పక చదువవలెనని మా కోరిక.

కథ పదునేడవ శతాబ్దిలో, బోస్టన్ పట్టణమున జరుగును. మతకట్టుబాట్లు మిక్కిలి కఠినముగా నుండిన కాలము. భర్త జాడ తెలియని దినములలో హెస్టర్ ప్రిన్‌కు బిడ్డ పుట్టినది. అధికారు లామెను, మూడు నెలల పసికందుతో, సంతబయలులోని వేదికపై మూడు గంటలు నిలిపిరి. ఆమె తప్పును చాటు ‘ఏ’ అను ఆంగ్లాక్షరమును ఎల్లకాలము రొమ్మున ధరింపుమనిరి. బిడ్డ తండ్రి పేరు చెప్పినచో ఆ గుర్తు తొలగవచ్చునని ఆశ చూపినను ఆమె చెప్పలేదు. ఆ తండ్రి, ఊరెల్ల గౌరవించు మతబోధకుడే. పేరు చెప్పుమని అందరియెదుట ఆమె నడిగినవాడును అతడే! పిరికితన మెవరిదో పాఠకులు పోల్చుకొందురు.

మగ్గముల చప్పుడులో పెరిగిన మన అశోక్ చౌక్ పిల్లలకు ఇందొక విషయము వెంటనే పట్టుబడును. ఆ యెఱ్ఱగుడ్డ అక్షరమును ఆమెయే బంగారు జరీతో అందముగా కుట్టుకొనెను. ఊరు విడిచిపోవుటకు అడ్డు లేకున్నను పోలేదు. ఊరిచివర, సముద్రపు టొడ్డున చిన్న యింట నుండి సూదిపనితో బిడ్డను పోషించెను. నిందించిన అధికారుల దుస్తులకును, పసిపాపల టోపీలకును, చనిపోయినవారిపై కప్పు వస్త్రములకును ఆమె పనియే కావలసి వచ్చినది. పెండ్లికూతురి మేలిముసుగును మాత్ర మామెచేత కుట్టింపలేదు. ఆమె రోగుల కుపచారము చేయుచుండగా, కొన్నేండ్లకు ఆ జనులే ‘ఏ’ అనగా ‘ఏబుల్’, సమర్థురాలు అని చెప్పుకొనసాగిరి.

ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమున నున్న నాళ్లలో ఈ నవల చదివినపుడు మాకు కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు తలపునకు వచ్చిరి. వీరేశలింగము పంతులుగారిని తెలుగు చదివినవారెల్ల నెరుగుదురు. ఆయన భార్యను తలచువారు తక్కువ. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినపుడు ఊరు ఆ యింటిని వెలివేసెను. వంటవారు రాలేదు. నీరు మోయువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసికొని తామే గోదావరికి నడచిరి. ఆ నీటితో పెండ్లివంట తామే వండిరి.