మచ్చికైన కోడెకు చర్నాకోల ఎందుకు?

ఎమ్మిగనూరు: సంక్రాంతి వచ్చిందంటే జిల్లా పడమటి పల్లెల రైతుల చూపంతా ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర మీదనే ఉంటుంది. రథోత్సవం ఒక ఎత్తయితే పశువుల సంత, బండలాగుడు పోటీలు మరో ఎత్తు. ఈ ప్రాంతపు పోటీల్లో పళ్లను బట్టి వయసు లెక్కగట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ విభాగాలు ఏర్పాటు చేస్తారు. నిర్ణీత సమయంలో బండను ఎక్కువ అడుగులు లాగిన జతదే గెలుపు. లక్షల రూపాయలు పలికే ఈ కోడెలకు పెట్టే ఉలవలు, చేసే సేవ గురించి అందరూ చెప్పుకుంటారు. వాటికి కాడి ఎలా నేర్పారన్నది మాత్రం అడిగేవారు అరుదు.

ఇదే ప్రశ్న పందెపు గుర్రాల విషయంలో కొన్ని దశాబ్దాలుగా చర్చకు వస్తోంది. గుర్రమంటే మన ప్రాంతానికి కొత్త కాదు. 1786లో ఆదోని కోటను పట్టుకున్న టిప్పు సుల్తాన్ సేనలో అశ్వదళానిది పెద్దపీట. ఆయన కాలపు అశ్వశాలగా పేరొందిన కర్ణాటకలోని కుణిగల్ తర్వాతి రోజుల్లో పందెపు గుర్రాల పెంపక క్షేత్రంగా మారింది. తెలుగువారికి దగ్గరి రేసుకోర్సు హైదరాబాద్‌లోని మలక్‌పేటది.

బెదురే అసలు సమస్య

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. పరుగే దానికి రక్ష. కళ్లు తలకు చెరోపక్క ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు. ముక్కుకు ఎదురుగా, తోకకు వెనుక కొంత మేర మాత్రం కనిపించదు. అటువంటి ప్రాణి వీపుపై మొదటిసారి జీను పడితే మృగమేదో మీదకు దూకినట్లే బెదురుతుంది. పూర్వం చాలాచోట్ల కాళ్లకు తాళ్లు బిగించి, అలసి సొలసి లొంగే దాకా వారాల తరబడి పెనుగులాడించేవారు. గుర్రం లొంగేది గానీ భయం లోపలే ఉండిపోయేది.

అమెరికా పశ్చిమ ప్రాంతంలో పశువుల మధ్య బతికిన టామ్ డోరెన్స్, రే హంట్ వంటివారు ఇందుకు భిన్నమైన దారి పట్టారు. కాలిఫోర్నియాలో 1935లో పుట్టిన మాంటీ రాబర్ట్స్ దానిని ప్రపంచానికి తెలిసేలా చేశారు. నెవాడా అడవి గుర్రాలను బాల్యంలో గమనించానని, మందలో తుంటరి పిల్లను పెద్ద ఆడగుర్రం వెలివేసి, అది తల వంచాక తిరిగి చేర్చుకునే తీరు నుంచే తన పద్ధతి పుట్టిందని ఆయన చెబుతారు. 1989లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఆయనను విండ్సర్‌కు పిలిపించి స్వయంగా తిలకించారు. ఆమె సొంతంగా పందెపు గుర్రాలను పెంచిన వ్యక్తి అన్నది గమనార్హం.

పద్ధతి ఇది. సుమారు 50 అడుగుల వ్యాసం గల గుండ్రటి ఆవరణలో గుర్రాన్ని వదులుతారు. శిక్షకుడు సూటిగా కళ్లలోకి చూస్తూ నిలబడితే అది అంచు వెంట పరుగు తీస్తుంది. కొంతసేపటికి లోపలి వైపు చెవి శిక్షకుని మీదకు తిరుగుతుంది, నోరు నములుతున్నట్లు కదులుతుంది, తల కిందికి దిగుతుంది. ఆ క్షణాన శిక్షకుడు చూపు దించి పక్కకు తిరుగుతాడు. గుర్రం తనంతట తానే వచ్చి వెనుక నిలుస్తుంది. ఆ తర్వాతే నిమరడం, జీను, కళ్లెం, చివరకు మనిషి. రాబర్ట్స్ ఇదంతా అరగంటలో ముగిస్తారు. అందరికీ అది సాధ్యం కాదు, ఆ తొందర అవసరమూ లేదు.

ఇందులోని కీలకం ఒత్తిడి, విడుపు. పగ్గం లాగినప్పుడు గుర్రం ఒక్క అడుగు వేసినా వెంటనే వదులు చేయాలి. మాట విన్నాక కూడా లాగుతూనే ఉంటే, వినడం వల్ల ప్రయోజనం లేదని దానికి తోస్తుంది. పగ్గం లాగడం అందరికీ వచ్చు, సమయానికి వదలడమే కష్టం.

దీనిపై సందేహాలూ లేకపోలేదు. బ్రిటన్‌లో 14 గుర్రాలపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. తొలి జీను, తొలి సవారీ వేళల్లో ఈ పద్ధతిలో నేర్చిన వాటి గుండె వేగం తక్కువగా నమోదైంది. అదే ఏడాది సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషి బదులు రిమోట్‌తో నడిచే బొమ్మకారును వాడి చూశారు. గుర్రాలు ఆ కారు వెంట కూడా నడిచాయి! అంటే మంద భాషను మనిషి మాట్లాడుతున్నాడన్న మాట కన్నా, ఒత్తిడి తొలగిన ఊరటే గుర్రానికి పాఠమన్నది వారి వాదన. ఈ వ్యాసకర్తకూ అదే సబబనిపిస్తుంది. రైతుకు పనికొచ్చేది కూడా ఆ ముక్కే.

మన కాడి సంగతి

మన పల్లెల్లో కొత్త కోడెను అనుభవమున్న ముసలి ఎద్దుకు జతగా కట్టి నడిపించేవారు. ముసలి ఎద్దు బెదరదు కనుక కోడె కూడా నిమ్మళిస్తుంది. పందెపు గుర్రాల పిల్లలను సైతం నెమ్మదైన పెద్ద గుర్రం వెనుక బయటకు తీస్తారు. ఎవరినుంచి ఎవరూ నేర్చుకున్నది కాదు, జంతువును చూసి రెండు చోట్లా తెలుసుకున్నదే.

అయితే ఎద్దు గుర్రం కాదు. బెదిరితే గుర్రం పారిపోతుంది, కోడె పొడవడానికి రావచ్చు లేదా మొండికేసి పడుకోవచ్చు. దానిని గుండ్రంగా తరమాల్సిన పనిలేదు. మొదట మెడ, గంగడోలు నిమిరి చేతికి అలవాటు చేయడం, తర్వాత ఉత్త కాడి, ఆపై తేలికపాటి దుంగ. అడుగు వేసిన వెంటనే ముకుతాడు వదులు చేయాలి. బాగా నడిచినప్పుడే ఆ పూటకు విప్పేయాలి.

ఇక కొట్టడం. పందెం చివరి 400 మీటర్లలో కొరడా వాడకానికి, గుర్రం వేగానికి సంబంధం కనిపించలేదని ఆస్ట్రేలియాలో 2011లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పశువును అనవసర బాధ కలిగేలా కొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

వయసు సంగతి అంతకన్నా ముఖ్యం. మేలుజాతి గుర్రాలకు ఏడాదిన్నర దాటగానే శిక్షణ మొదలై, రెండేళ్లకే పందెంలోకి దించుతారు. ముందరికాలి మోకాలి ఎముకలో ఎదుగుదల ఆగేది రెండు, రెండున్నర ఏళ్లకు. ఎంత మెత్తగా నేర్పినా ఎముక ముందుగా గట్టిపడదు. పాలపళ్ల కోడెలకు బండ కట్టేవారు ఇది ఆలోచించాలి. పళ్లు మారని కోడె కూడా ఎదుగుతున్న ప్రాణే.

జాతర సంతలో కొనుగోలుదారులు పళ్లు, గిట్టలు, మూపురం, నడక చూస్తారు. దాని ముఖం పక్కన మెల్లగా చెయ్యెత్తి కూడా చూడవచ్చు. తల విదిల్చి వెనక్కి జరిగిన కోడెకు కాడి ఎలా నేర్పారో అమ్మేవారిని అడగక్కర్లేదు.